రాళ్లకు పళ్లు తోమిన మేడం

పొద్దున్నే కాలేజీ అటెండరు ఫోన్ చేశాడు. "అన్నా, రాళ్ల మేడం పోయిందంట. రాత్రి ఖమ్మం దవాఖానల పానం పోయిందంట. మట్టి చేసేది ఎర్రుపాలెం దగ్గర వాళ్ల ఊర్లనే అంట. పోదామా?" అన్నాడు. ఏ మేడం అని నేను అడగలేదు. భద్రాచలంలో మా డిగ్రీ కాలేజీలో మేడాలు చాలామందే పనిచేశారు గానీ, రాళ్ల మేడం ఒక్కరే.

పూర్తి పేరు రాళ్లకు పళ్లు తోమే మేడం. పిల్లలు పెట్టింది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. బాటనీ లెక్చరరు. సెలవు దొరికితే చాలు, ఏదో ఒక వాగు వెతుక్కుంటూ వెళ్లేవారు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని పిక్కల్లోతు నీళ్లలోకి దిగి, మునిగి ఉన్న రాయి ఒకటి పైకి తీసి, దాని మీది గోధుమరంగు జిగురును టూత్‌బ్రష్షుతో పళ్లెంలోకి తోమేవారు. మేకలు కాసేవాళ్లు నిలబడి చూసి నవ్వుకునేవాళ్లు. తోమడం అయ్యాక ఆ రాయిని తీసిన చోటే, తీసినట్టే పెట్టి వచ్చేవారు.

ఆ జిగురులో ఉండేవే డయాటమ్‌లు. కంటికి కనబడని నాచు. ఒక్కటే కణం, దాని చుట్టూ గాజు పెంకు. పెంకు రెండు ముక్కలుగా ఉంటుంది, సబ్బుపెట్టెకు మూత బిగించినట్టు. నాచు చచ్చిపోయినా గాజు చెడిపోదు, ఏళ్ల తరబడి అట్లాగే ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నాది ముదిగొండ. ఆ కాలేజీలో టెంపరరీ ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. జిగురును యాసిడ్‌లో కాచి చెత్తంతా పోగొట్టి గాజు పెంకులు మిగల్చడం, వాటిని స్లైడ్ల మీదికి ఎక్కించడం, సీసాలు కడగడం నా పని. లేబుళ్లు కూడా నేనే రాసేవాణ్ని. "మీ అక్షరం అచ్చు వేసినట్టు ఉందండీ" అని ఆ పని నాకు అప్పగించారు. నన్నే కాదు, అందరినీ మీరనే అనేవారు. కాలేజీ గేటు దగ్గర పడుకున్న కుక్కను "కాస్త పక్కకి జరగండి" అనడం నేను నా చెవులతో విన్నాను.

చేరిన మొదటి వారమే ఒక లేబుల్ మీద తేదీ తప్పు రాశాను. వైట్‌నర్ పూసి, ఆరబెట్టి, దాని మీద చక్కగా రాసి ఇచ్చాను. మెచ్చుకుంటారనుకున్నాను. మేడం ఆ వైట్‌నర్ సీసా తీసుకొని చెత్తబుట్టలో పడేశారు.

"తప్పు రాస్తే ఒక్క గీత కొట్టండి. ఒక్కటే. కింద ఏం రాశారో చదవడానికి రావాలి. పైన సరైంది రాయండి. పక్కన మీ సంతకం."

"గట్లయితే తప్పు అందరికి కనబడతది గద మేడం."

"కనబడాలనే."

మార్కుల రిజిస్టరులో అంతే, చాకలి పద్దులో అంతే. ఒకసారి కాలేజీ వార్షికోత్సవం ఆహ్వానంలో తన డిగ్రీ ఒకటి ఎక్కువ వేశారని, అచ్చయిన కార్డుల కట్ట ముందేసుకొని కూర్చుని ఒక్కొక్క దాని మీదా గీత కొట్టి సంతకం పెట్టారు. ప్రిన్సిపాల్‌కు తల కొట్టేసినంత పనైంది. మేడం మాత్రం ఆ సాయంత్రం చాలా ప్రశాంతంగా ఉన్నారు.

కిటికీ పక్కన మైక్రోస్కోపు పెట్టుకొని పెంకుల మీది గళ్లు లెక్కపెట్టేవారు, పెదవులు కదుపుతూ. మధ్యలో ఎవరైనా పలకరిస్తే కోప్పడేవారు కాదు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. మధ్యాహ్నం పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ తప్ప ఇంకోటి తినగా చూడలేదు. నేను ఎండుచేపల కూర తెచ్చిన రోజు లేచి ల్యాబు కిటికీలన్నీ ఒక్కొక్కటే తెరిచి వచ్చి కూర్చునేవారు. ఆ తరువాత మా ఇంటావిడ ఆ కూర పెడతానంటే ఆదివారానికి వాయిదా వేసేవాణ్ని.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

మేడం చర్ల వాగు జిగురు కావాలన్నారు. ఊరి దగ్గర కాదు, ఎగువన, పెద్దబండ దగ్గర, మనుషుల అలికిడి లేని చోట. ఆవిడకు పరీక్షల డ్యూటీ పడింది. నేను ఒక్కణ్నే బస్సెక్కి వెళ్లాను. అడవి దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపారు. సంచిలో సీసాలు, ల్యాబు మందుల వాసన, టూత్‌బ్రష్షులు. "ఏంది ఇవన్నీ?" అని అడిగారు. రాళ్లు తోమడానికి అని చెప్పాను. నేనైనా నమ్మను ఆ మాట. ఇవాళ వద్దు, వెనక్కి పొమ్మన్నారు. ఆ రోజు చర్ల సంత. మళ్లీ బస్సుకు ఇంకా టైముంది. ఖాళీ సీసాలతో వెళ్లి ఆమె ముందు నిలబడడం ఇష్టం లేక, సంత కింది రేవులో ఒక చదునైన రాయిని తోమి సీసా నింపాను. లేబుల్ మీద "చర్ల వాగు, ఎగువ, పెద్దబండ" అని నా అచ్చు అక్షరాలతో రాశాను. నీళ్లు పైనుంచే కదా కిందికి వచ్చేది, ఏం తేడా పడుతుందిలే అనుకున్నాను.

రెండు నెలల తరువాత ఒక మధ్యాహ్నం మేడం నన్ను పిలిచి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మీరొకసారి చూడండి" అన్నారు. మైక్రోస్కోపులో మూడు మూలల గాజు బిళ్ల ఉంది, సమోసా ఆకారంలో. ఒళ్లంతా గళ్లు. మూల మూలకూ చిన్న బుడిపె.

"మంచిగున్నది మేడం."

"ఇది సముద్రంలో ఉండే రకమండీ. ఉప్పునీళ్లలో తప్ప బతకదు. అడవిలో వాగులో దీనికేం పని?"

నాకేం తెలుసు. ఆవిడకూ తెలియలేదు. పుస్తకాలన్నీ తిరగేశారు. సముద్రం రకాల్లో కూడా ఇట్లాంటి గళ్లున్నది ఎక్కడా లేదు. బొమ్మలు గీసి పై దేశాల్లో ఈ విద్య తెలిసినవాళ్లకు పోస్టు చేశారు. మేమూ చూడలేదని జవాబులు వచ్చాయి. అంటే లోకానికి కొత్త జాతి. పైగా ఉప్పునీటి జాతి, అడవి మధ్యలో మంచినీటిలో దొరికింది. సైన్సు పత్రికలో పరిశోధన కాగితం అచ్చయితే పెద్ద పేరొచ్చే సంగతి.

ఆమెకు పెద్ద పేరు మీద ఆశ ఉన్నట్టు నాకు అనిపించలేదు. ఒకసారి స్లైడు తుడుస్తూ అన్నారు: "ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఒకటే కోరికండీ. రిటైరయ్యేలోపు ఒక్కదానికైనా నా చేత్తో పేరు పెట్టాలి. ఎవరూ చూడనిదాన్ని ఒక్కదాన్ని సరిగ్గా రాసిపెట్టి పోవాలి." రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది.

కొత్త నాచుకు పేరు పెట్టాలంటే దాని వర్ణన లాటిన్‌లో ఉండాలి, అప్పటి రూలు అది. మేడం ప్రొటెస్టెంట్. లాటిన్ వచ్చిన మనిషి కోసం వెతికి వెతికి ఖమ్మంలో ఒక ముసలి క్యాథలిక్ ఫాదర్ దగ్గరికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. ఫాదర్ కళ్లద్దాలు తుడుచుకొని కాగితం చదివి చాలాసేపు నవ్వారు.

"అమ్మా, సెమినరీలో నేర్చుకున్న లాటిన్ ఇది. పాపాలు, పుణ్యాలు, పరలోకం, ఇవన్నీ చెప్పగలను. రాతి మీది జిగురు అని ఇంతవరకు అవసరం పడలేదు."

"ఇప్పుడు పడింది కదా ఫాదర్. మా పాస్టరుగారికి మాత్రం చెప్పకండి."

నిఘంటువు పెట్టుకొని ఇద్దరూ మూడు ఆదివారాలు కూర్చున్నారు. అడవివాగులో ఉండేది అని అర్థం వచ్చే పేరు ఒకటి ఫాదరే వెతికి ఇచ్చారు. మేడం ఆ పేరును నోట్‌బుక్కులో రాసుకొని బస్సులో మళ్లీ తీసి చూసుకున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నాకు భయం పట్టుకుంది ఆ రోజే.

ఎందుకంటే మేడంకు ఒక అనుమానం ఉంది. "అన్నీ పెంకులేనండీ. బతికున్నది ఒక్కటి కూడా కనబడలేదు. ఇంటి తలుపు చూసి ఇంట్లో మనుషులున్నారని ఎట్లా రాస్తాం?" అనేవారు. బతికున్నది దొరికేదాకా కాగితం పంపనన్నారు. కాలేజీ తరఫున ఉత్తరం పట్టుకొని పెద్దబండ దగ్గరికి మూడుసార్లు వెళ్లారు. మూడు కాలాల్లో. ఏమీ దొరకలేదు. వచ్చిన ప్రతిసారీ నోట్‌బుక్కులో "లేదు" అని రాసుకునేవారు. నా ఉద్యోగం పర్మనెంటు కావడానికి ఆవిడే సిఫారసు ఉత్తరం రాస్తున్నారు. నేను నోరు విప్పలేదు. సిగ్గు లేదా అంటే, ఉంది. సిగ్గు కన్నా భయం ఎక్కువుంది.

నాలుగోసారి నన్ను వెంట తీసుకెళ్లారు. ఇంకో మూడు నెలల్లో రిటైర్మెంటు. చలికాలం, మళ్లీ సంత రోజే. పెద్దబండ దగ్గర పొద్దంతా నీళ్లలో నిలబడ్డారు. తిరిగి వస్తూ సంత కింది రేవులో కాళ్లు కడుక్కోవడానికి దిగారు. చలికి పాదాలు పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి. ఆ పాదాలు చూశాక ఇక నావల్ల కాలేదు.

"మేడం, ఆ సీసా పైన నింపలేదు. ఈడ నింపిన. క్యాంపుకాడ పోనియ్యలేదు. ఆ లేబుల్ అబద్ధం."

చెప్పేశాక నాకు ధైర్యం కూడా వచ్చింది. ఇక్కడ వెతికితే దొరుకుతుంది కదా, బతికున్నదే దొరకొచ్చు అనిపించింది. మేడం "ఏ రాయి?" అని మాత్రం అడిగారు.

చూపించాను. ఆ రాయి మీద ఇద్దరు కోయ ఆడవాళ్లు గంపలు దించి కూర్చున్నారు. సంతలో కొన్న ఎండుచేపలు నీళ్లలో జాడిస్తున్నారు. పొలుసులు, పొట్టలు, ఇసుక రాయి మీదంతా పడి ఉన్నాయి. మేడం వాళ్ల పక్కనే గొంతుకూర్చున్నారు.

"ఎప్పుడూ ఇక్కడే కడుగుతారా అమ్మా?"

"అవ్," అన్నది పెద్దామె. "ఇంటికాడ బోరింగు దగ్గర కడిగితే కుక్కలు ఎంటబడతయ్. ఇసుక, గలీజు మొత్తం ఈడనే ఇడిసిపెట్టి పోతం. సంత మొదలైనకాన్నుంచి గిదే రాయి."

మేడం లేచి రెండడుగులు పక్కకు జరిగి గట్టు మీద కూర్చున్నారు. చేపలు సముద్రంలో నాచు తింటాయి. నాచు అరుగుతుంది, గాజు అరగదు. నాకు అది తట్టడానికి కొంచెం సేపు పట్టింది. ఆవిడకు అంత సేపు పట్టలేదు.

"ఇది అడవిది కాదండీ," అన్నారు. "చేప పొట్టలో కూర్చుని బస్సులో వచ్చింది."

"నన్ను తిట్టుండ్రి మేడం."

"రెండేళ్లు ఎందుకు చెప్పలేదు?"

"నీళ్లు గవే గద అనుకున్న."

తిట్టలేదు. తిడితే బాగుండేది. కొంగుతో పాదాలు తుడుచుకొని చెప్పులేసుకున్నారు. "సంతలో ఎన్ని రకాల ఎండుచేపలు ఉంటాయి?" అని అడిగారు.

ఉన్న ప్రతి కుప్పలోంచీ కొన్నారు. ఒక్కో రకం ఒక్కో పొట్లం, పొట్లం మీద నంబరు. ఏ సముద్రంలో పట్టారని దుకాణం ఆమెను అడిగారు. "కాకినాడ దిక్కు నుంచి సేటు మూటలు పంపుతడు మేడమ్మా. ఏ నీళ్లల్ల పట్టిండ్రో నాకేం ఎరుక? ఉప్పు సరిపోయిందా లేదా, గంతే చూస్త," అన్నది ఆమె. మేడం ఆ మాట కూడా రాసుకున్నారు. నా కూరకు కిటికీలు తెరిచిన మనిషి, ఆ సంచి ఒళ్లో పెట్టుకొని భద్రాచలం దాకా బస్సులో వచ్చారు. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి తిరిగి చూశారు.

చేపల పొట్టలు రకం వారీగా యాసిడ్‌లో కాచాను. నెత్తళ్ల స్లైడు పెట్టగానే మూడు మూలలది కనబడింది. ఒకటి కాదు, స్లైడు నిండా ఉన్నాయి. మేడం గళ్లు లెక్కపెట్టారు. మొదటిదానికీ దీనికీ తేడా లేదు.

"కొత్తదే," అన్నారు తల ఎత్తకుండా. "కొత్తదే, కానీ ఊరు తెలియదు."

తరువాత లేచి బీరువాలోంచి పాత సీసా, దాని స్లైడు తెచ్చి నా ముందు పెట్టి పెన్ను ఇచ్చారు. నేను "ఎగువ, పెద్దబండ" మీద ఒక గీత కొట్టాను. పైన "చర్ల సంత కింది రేవు, ఎండుచేపలు కడిగే రాయి" అని రాశాను. నా అచ్చు అక్షరం వంకరపోయింది. సంతకం పెట్టాను. మేడం పెన్ను తీసుకొని నా సంతకం కింద ఆమె కూడా సంతకం పెట్టారు.

"మీరెందుకు మేడం?"

"రెండేళ్లు మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడగకుండా నమ్మాను. అది నా తప్పు."

అప్పుడు ఏడ్చాను. ఆవిడ చూడనట్టు వెళ్లి కిటికీలు తెరిచారు.

సంగతి తెలిసి తోటి లెక్చరరు ఒకాయన వచ్చి బతిమాలాడు. "పాత కాగితమే పంపుండ్రి మేడం. అడవిల సముద్రం నాచు అంటే ఎంత పేరొస్తది. ఆ వాగు కాడికి ఎవడు పోయి చూస్తడు?"

"నేను చూశాను కదండీ," అన్నారు.

కాగితం మళ్లీ మొదటినుంచి రాశారు. ఫాదర్ ఇచ్చిన పేరు మీద కూడా గీత పడింది. ఫాదర్ ఈసారి నవ్వలేదు. వేరే చోటు నుంచి వచ్చినది అని అర్థం ఉన్న లాటిన్ మాట, అద్వేనా, రాసి ఇచ్చారు. పత్రికవాళ్లు సముద్రంలో వెతికి నీటి నమూనా పంపమన్నారు. ఏ సముద్రతీరమో చేపలు అమ్మిన ఆమెకు తెలియదు, నాకూ తెలియదు, తెలిసినంతే రాశాను అని మేడం జవాబిచ్చారు. రిటైరయ్యాక ఏడాదికి అచ్చయింది. నాలుగే పేజీలు. దొరికిన చోటు అన్నచోట: చర్ల సంతలో కొన్న ఎండు నెత్తళ్ల పొట్ట, సముద్రంలో చోటు తెలియదు. సేకరించినవారు అన్నచోట నా పేరుంది. నా ఉద్యోగం కూడా పర్మనెంటు అయింది. ఆ సిఫారసు ఉత్తరంలో ఏం రాశారో తరువాత క్లర్కు చూపించాడు. "తన తప్పును తానే చెప్పగలడు" అని ఒక వాక్యం ఉంది. ఉత్తరం మీద ఉన్నది మేం చర్ల నుంచి చేపలతో వచ్చిన మర్నాటి తేదీ.

ఎర్రుపాలెం వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. పాస్టరుగారు ఆవిడ పుట్టిన ఊరు, చదివిన చదువు, సండే స్కూలు సేవ అన్నీ చెప్పారు. మూడు మూలలదాని మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాలని కూడా నాకు అనిపించలేదు. మట్టి వేశాక తెల్లరంగు వేసిన కొయ్య సిలువ తెచ్చి నాటారు. పేరు, తేదీలు, కింద "జువాలజీ లెక్చరర్" అని నల్లరంగుతో ఉంది. రంగు డబ్బా, కుంచె ఇంకా పక్కనే ఉన్నాయి.

మేడం తమ్ముడు అది చూసి నుదురు కొట్టుకున్నాడు. "తొందరలో రాయించామండీ. పెయింటరు పొరపాటు. రేపు తెల్లరంగు పూయించి మళ్లీ రాయిస్తా."

"వద్దు సార్," అన్నాను. "ఆ నల్లరంగు డబ్బా ఇట్లియ్యండ్రి."

కుంచెతో జువాలజీ మీద ఒక్క గీత కొట్టాను. పైన బాటనీ అని రాశాను. ఈసారి అక్షరం వంకరపోలేదు.

"అట్లా కొడితే కింద రాసింది కనబడుతుంది కదండీ," అన్నాడాయన.

"కనబడాలె సార్," అన్నాను. పక్కన చిన్నగా సంతకం పెట్టి, డబ్బాకు మూత వేసి ఇచ్చేశాను.